గీత దాకా మంచినీళ్ళు

మా ఆయన నాకిచ్చిన మొదటి బహుమతి తడి గోనెగుడ్డలో చుట్టిన ఐదు కాయలు. పెళ్ళయిన రెండో రోజున తలుపు దగ్గరగా వేసి, కళ్ళు మూసుకోమని, గుట్టుగా నా చేతిలో పెట్టాడు. ఏ గొలుసో అనుకున్నాను. తెరిచి చూస్తే చిక్కుడుకాయకీ పెన్సిలుకీ పుట్టినట్టు జానెడేసి పొడవున్న పచ్చటి కాడలు.

"వండాలా?" అన్నాను.

"నాటాలి," అన్నాడు. "మడ చెట్టు కాయలు. ఓడ కట్టేసిన చోట అలలకి కొట్టుకొచ్చాయి. నా టోపీలో ఏరుకొచ్చా."

మడ చెట్లంటే సముద్రం ఒడ్డున, ఉప్పునీళ్ళ బురదలో, బట్టలు తడవకుండా పైకెత్తి పట్టుకుని నడిచే మనుషుల్లా వేళ్ళ మీద లేచి నిలబడే చెట్లు. వాటి కాయ కొమ్మకి ఉండగానే మొలకెత్తుతుందట. తల్లిని పట్టుకునే కిందికి సాగి సాగి, ఒకరోజు టప్పుమని నీళ్ళలో పడి, ఎటో తేలుతూ పోయి, ఎక్కడ కాలికి బురద తగిలితే అక్కడ నిలబడిపోతుందట.

"నాలాగే," అన్నాను జాలిగా మొహం పెట్టి. పుట్టిల్లు వదిలి వచ్చి అప్పటికి నలభై ఎనిమిది గంటలు.

"నువ్వేం తేలుతూ రాలేదు. మూడు పెట్టెలు, కుట్టుమిషను, రెండు దిళ్ళతో వచ్చావు. నేనే మోశాను."

నవ్వి నవ్వి నాకు వెక్కిళ్ళు పట్టుకున్నాయి. ఆ రోజుల్లో ఏం చూసినా నవ్వే వచ్చేది. ఇద్దరి పళ్ళ బ్రష్షులూ ఒకే గ్లాసులో కనపడినా నవ్వే.

అతను పనిచేసేది సముద్రం అడుగున కేబుళ్ళు పరిచే ఓడలో. కేబుల్ తెగిన చోట లోపలి గాజు పోగుల్ని ఒకదానికొకటి అతకడం అతని పని. వెంట్రుక కన్నా సన్నంగా ఉంటాయట. అతుకు పడేంతవరకూ ఊపిరి బిగబట్టాలట. అందుకే నేను 'అతుకులాయన' అని పేరు పెట్టాను. అతుకులాయనకి పెళ్ళికని ఇచ్చిన సెలవు పంతొమ్మిది రోజులు.

అందులో నాలుగు రోజులు తొట్టికే పోయాయి. హాల్లో కిటికీ కింద రెండడుగుల గాజు తొట్టి, నాలుగు వేళ్ళ మందాన ఇసుక, రెండు రాళ్ళు, గురగురమనే చిన్న మోటారు, పైనుంచి వంగి చూసే దీపం. రంగుచేపలు అమ్మే షాపులో కొన్న సముద్రపు ఉప్పు డబ్బా తొట్టి కింద అరలో. ఆ ఉప్పు నీళ్ళలో కలిపి మా ఇంట్లోనే సముద్రం తయారుచేశాడు. కాయల్ని వరసగా నిలబెట్టి, వేరు వచ్చే కొస ఇసుకని తాకేలా, బట్టలారేసే క్లిప్పులతో తొట్టి అంచుకి పట్టించాడు.

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి చూసింది. "చేపలేవిరా?"

"చేపలుండవమ్మా. చెట్లు."

"చేపల తొట్టిలో చెట్లా? రేపు పూలకుండీలో చేపలు పెంచుతావా?" అని, కాసేపు వంగి చూసి, "బెండకాయలు ఆరేసినట్టుంది," అనేసి వెళ్ళిపోయింది.

మేమిద్దరం ఐదింటికీ పేర్లు పెట్టాం. అన్నింటికన్నా పొడుగ్గా ఉన్నది పెద్దమ్మాయి. నడుం ఒంగినది వంకర. ఒకేలా ఉన్న రెండూ కవలలు. చివరిది పొట్టిది, ఏ తొందరా లేనట్టు కనిపించేది, ఆలస్యం.

వెళ్ళే ముందు రోజు తొట్టి దగ్గరే కూర్చుని అడిగాను. "మళ్ళీ ఎప్పుడు?"

"నాలుగు నెలలు."

"అలా చెప్పకు. నెలలంటే గోడ మీద కాయితం. వేరేలా చెప్పు."

అతను ఆలోచించాడు. ఆలోచించేటప్పుడు కూడా ఊపిరి బిగబడతాడు. "పెద్దమ్మాయికి మొదటి జత ఆకులు విచ్చుకునే నాటికి గుమ్మంలో ఉంటా."

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. ఒక్క క్షణమే, మళ్ళీ మొదలైంది. నేనది పట్టించుకోలేదు.

పొద్దున్నే వెళ్ళిపోయాడు. తొట్టి అద్దానికి అతని దస్తూరీలో ఒక కాయితం అంటించి ఉంది.

*రోజూ పొద్దున మంచినీళ్ళు, గీత దాకా.*
*ఆదివారం ఆదివారం ముల్లు చూడు.*
*కదపొద్దు.*
*వీళ్ళతో మాట్లాడుతుండు. నన్ను తిట్టొద్దు.*

గీత అంటే నీటిమట్టం ఉండాల్సిన చోట గీసిన నల్ల గీత. రోజూ ఆవిరై కాస్త దిగుతుంది. ఆవిరయ్యేది నీళ్ళే గానీ ఉప్పు ఎక్కడికీ పోదు, లోపలే ఉంటుంది. అందుకని దిగినంత మేరా ఉప్పు లేని మంచినీళ్ళే పోయాలి. ముల్లంటే, ఉప్పు ఎంతుందో చూపించే చిన్న ప్లాస్టిక్ డబ్బాలోది. అది ముప్పై ఐదు దగ్గర నిలబడాలి. ఇదంతా అతను నాకు నా వేళ్ళు లెక్కపెడుతూ చెప్పాడు. వాళ్ళమ్మకి మాత్రం చెప్పలేదు.

*

వెళ్తూ వెళ్తూ అతను ఇంకో పని కూడా చేశాడు. నేను బస్సు తప్పిపోకుండా హాల్లో గడియారం ఐదు నిమిషాలు ముందుకి తిప్పి పోయాడు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ ఐదు నిమిషాలూ రోజూ నాకు మిగిలేవి. వాటిని తొట్టి ముందు కూర్చుని ఖర్చుపెట్టేదాన్ని. ఒక గ్లాసు మంచినీళ్ళు గీత దాకా పోసి, దీపం వేసి, "పెద్దమ్మాయ్, లేచావా?" అనేదాన్ని. వంకరని పలకరించేదాన్ని. కవలల్లో ఎవరు ఎవరో మర్చిపోయేదాన్ని. కాయితంలో నాలుగో మాట అప్పుడప్పుడు తప్పేదాన్ని కూడా. "మీ నాన్న ఉన్నాడే, సబ్బు మీద బొటనవేలి గుంట వదిలేసి పోయాడు, ఇప్పుడా సబ్బు వాడాలా, దాచుకోవాలా?" అని తిట్టేదాన్ని.

సబ్బు దాచుకున్నాను.

నా ఉద్యోగం వినికిడి పరీక్షలు చేసే చోట. వచ్చినవాళ్ళని శబ్దం దూరని చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి కూతలు వినిపిస్తాను. వినపడగానే చెయ్యెత్తాలి. కూత పోను పోను సన్నగిల్లి, ఉందో లేదో తెలియనంత అవుతుంది. అక్కడ మనుషుల మొహాలు చూడాలి! ఊపిరి కూడా తీసుకోరు. కొందరు ఏ శబ్దం లేకపోయినా చెయ్యెత్తేస్తారు. వాళ్ళకి మా డాక్టరుగారు పెట్టిన పేరు 'ఆశపోతులు'. "అబద్ధం చెప్పరమ్మా పాపం," అంటారాయన, "వినాలనే ఆత్రంలో నిజంగానే వినేస్తారు."

ఒక శనివారం అత్తయ్యని తీసుకెళ్ళాను, ఎడమ చెవి కాస్త మందంగా ఉందంటే. నేను ఏ కూతా పెట్టకుండానే తొమ్మిదిసార్లు చెయ్యెత్తింది. బయటికొచ్చాక నవ్వుతూ అడిగాను, "ఏం వినపడింది అత్తయ్యా?"

"గేటు."

"ఆ గదిలో గేటెక్కడిది?"

"ఏమోనమ్మా. గేటు తీసినట్టే అనిపించింది."

నా నవ్వు సగంలో ఆగిపోయింది. మా ఇంటి గేటుకి ఒక పద్ధతుంది, కిర్రుమని, ఆగి, మళ్ళీ చిన్నగా కిర్రుమంటుంది. కొడుకు ఓడ నుంచి వచ్చినప్పుడల్లా అత్తయ్యకి ముందు వినపడేది అదే. పదేళ్ళ నుంచీ.

ఇంట్లో మేమిద్దరమే. మా మధ్య గొడవలేం లేవు. ఉన్నదల్లా మర్యాద, అదీ మోయలేనంత. ఆమె నాకు పని చెప్పదు, నేను అడగను. ఎవరికి ఏది నచ్చకపోయినా రెండోవాళ్ళు చూడనప్పుడు సరిచేసేసుకుంటాం. నేను మడతపెట్టిన దుప్పట్లు సాయంత్రానికి వేరే మడతలో ఉండేవి. ఆమె మూసిన కిటికీలు నేను తెరిచేదాన్ని. పెళ్ళికి ముందు నాకు వంట అంతంతమాత్రం. మొదటి వారం నా కూర తిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. రెండో వారం నుంచి నా చేతికేదో వరం వచ్చినట్టు ప్రతిదీ అద్భుతంగా కుదరసాగింది. ఫోన్లో అతనికి గొప్పలు పోయాను కూడా. "నువ్వొచ్చేసరికి నీ బరువు నువ్వే మోయలేవు చూడు."

ఫోను ఆదివారం సాయంత్రాల్లో వచ్చేది. మాట అక్కడికి చేరి తిరిగి రావడానికి రెండు క్షణాలు పట్టేది. స్పీకరు పెట్టాలి, అత్తయ్యకి వినపడాలి కదా. ఆమె ముందు "మీరు బాగున్నారా?" అనేదాన్ని. రెండు క్షణాల తర్వాత అటునుంచి నవ్వు. గదిలో ఉంటే నువ్వు, హాల్లోకి వస్తే మీరు, అదీ మా ఒప్పందం.

హాల్లో ఏం మాట్లాడతాం? వేళ్ళ సంగతి మాట్లాడాను. ఐదో వారం పెద్దమ్మాయి వేరొకటి అద్దానికి ఆనుకుని తెల్లగా, దారంలా కనపడింది. ఆ రోజు నేను బస్సు తప్పిపోయాను, ఐదు నిమిషాలూ ఉండి కూడా. ఏడో వారం కవలలకీ వచ్చాయి. "ముల్లెంత చూపిస్తోంది?" అనేవాడు. "ముప్పై ఐదు." మొదటి నెలంతా ప్రతి ఆదివారం అదే చూపించింది. ఆ తర్వాత నేను చూడటం మానేశాను. బుద్ధిగా చదివే పిల్ల మార్కులు ఎవరు రోజూ చూస్తారు? అడిగితే ముప్పై ఐదనే చెప్పేదాన్ని.

వచ్చెయ్యి అని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఎదురుగా అత్తయ్య. అటు చూస్తే అతని పని. ఏడ్చే పెళ్ళాం ఇంట్లో ఉందని తెలిస్తే ఊపిరి బిగబట్టి అతుకు వెయ్యగలడా? అందుకని వేళ్ళు, దీపం, ఇసుక.

*

పన్నెండో వారంలో పెద్దమ్మాయి తలమీద మొగ్గ లేచింది. ముందు బియ్యపు గింజంత, తర్వాత వేలి గోరంత. సూదిగా, మెరుస్తూ, లోపల రెండాకులు ఒకదాన్నొకటి చుట్టుకుని పడుకున్నట్టు. నేను గంతులు వేయడం అత్తయ్య చూసింది. తనూ వంగి చాలాసేపు చూసింది.

ఆ ఆదివారం ఫోన్లో అతని గొంతు అదోలా ఉంది.

"ఇంకో చోట కేబుల్ తెగిందట. నాతో ఉండే అతుకులాయన మణికట్టు విరిగి దిగిపోయాడు. ఇంకో రెండు నెలలు ఉండగలవా అని అడుగుతున్నారు. వచ్చే ఆదివారానికి చెప్పాలి."

నేను అత్తయ్య వైపు చూశాను. అత్తయ్య గడియారం వైపు చూసింది.

"పెద్దమ్మాయికి ఆకులొచ్చాయా?" అన్నాడతను.

"మొగ్గ వచ్చిందండీ. ఈ వారంలో విచ్చుకునేలా ఉంది."

"అయితే దాన్నే అడుగుదాం. ఆకులొస్తే మాటంటే మాటే, వచ్చేస్తా. రాకపోతే..." నవ్వాడు. నేనూ నవ్వాను. రెండు క్షణాల తేడాతో ఒకరి నవ్వు ఒకరికి చేరింది. ఎంత తెలివైన ఉపాయం అనుకున్నాను. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.

సోమవారం పొద్దున మొగ్గ కొస గోధుమరంగుకి తిరిగి ఉంది.

మంగళవారానికి ఆ రంగు సగం దాకా దిగింది. వంకర పట్టుకుంటే మెత్తగా తగిలింది. తొట్టి అంచుల చుట్టూ తెల్లగా పొరకట్టి ఉంది. అది ఎప్పటినుంచి ఉందో నాకు తెలియదు. ఐదు నిమిషాలు కాదు, ఆ రోజు అరగంట కూర్చున్నాను. "పెద్దమ్మాయ్, ఆదివారం దాకా ఆగవే," అని బతిమాలాను.

బుధవారం సీసాలో తొట్టి నీళ్ళు పట్టుకుని, ఆఫీసులో పూట సెలవు పెట్టి, రంగుచేపల షాపుకి వెళ్ళాను. షాపాయన నీళ్ళు తన గొట్టంలో పోసి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ పోసి చూశాడు.

"ఇది తొట్టిలో నీళ్ళా అమ్మా, ఊరగాయ జాడీలోవా?"

"ఏమైందండీ?"

"నలభై ఎనిమిది! సముద్రం కూడా ఇంత ఉప్పుండదు. రోజూ ఉప్పునీళ్ళు పోస్తున్నారా?"

"లేదండీ! మంచినీళ్ళే. గీత దాకా. ఒట్టు."

"అయితే మీ ఇంట్లో ఎవరో సముద్రానికి ఉప్పందిస్తున్నారు," అన్నాడు సీసా తిరిగిస్తూ. "ఒకేసారి తగ్గించకండి, వేళ్ళు తట్టుకోలేవు. రోజూ రెండు చెంబులు తీసి రెండు చెంబుల మంచినీళ్ళు పోయండి. నెమ్మదిగా. రెండు వారాలైనా పడుతుంది."

"ఆదివారానికి కాదా?"

ఆయన నన్ను చూసిన చూపులో జాలి ఉంది. "చెట్టమ్మా అది."

ఇంటికొచ్చి తొట్టి కింద ఉప్పు డబ్బా తీశాను. నిండుగా ఉండాల్సినది ఎత్తగానే తేలిగ్గా పైకి వచ్చేసింది. లోపల వంటింటి చెంచా ఉంది.

"అత్తయ్యా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఇందులో ఉప్పేమైంది?"

అత్తయ్య చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది. "తొట్టిలోనే ఉంది."

"ఎందుకు వేశారు?"

"నువ్వు రోజూ చప్పటి నీళ్ళు గుమ్మరించి పోతున్నావు కదే అమ్మాయ్. ఉప్పునీళ్ళ చెట్టని వాడు చెప్పాడు. నీళ్ళు పోస్తే ఉప్పు సరిచూసుకోవద్దూ? కూరైనా అంతే కదా. ఒక నెల చూసి చూసి, ఆ తర్వాత నువ్వు అటు వెళ్ళగానే రోజుకో చెంచా వేశాను."

"మరి నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"ఎలా అంటాను? కొత్తగా వచ్చినదానివి. ప్రతిదానికీ వంక పెడుతుందీవిడ అనుకోవూ?"

ఉన్నట్టుండి నాకు ఇంకోటి తట్టింది. "ఆగండి. కూరలో కూడానా?"

అత్తయ్య కింద పెట్టిన గిన్నెని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆ మొహం చాలు.

"రెండో వారం నుంచా?"

"మొదటి వారం ఓపిక పట్టాను."

కోపంతో కిందపడి దొర్లాలనిపించింది. నవ్వు కూడా వచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలియదు గానీ చివరికి వచ్చింది ఏడుపు. కుర్చీలో కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. "ఆకులొస్తే వస్తానన్నారండీ. ఆదివారం చెప్పాలి. ఇప్పుడెలా?"

అత్తయ్య వచ్చి నా పక్కన నిలబడింది. నెమ్మదిగా అంది. "వాడు నీతో అన్న మాట నేనూ విన్నానే. వంటింట్లోంచి. అందుకే ఎలాగైనా త్వరగా రావాలని... మొగ్గ వచ్చిన రోజున రెండు చెంచాలేశాను."

నేను తలెత్తి చూశాను. ఆమె తొట్టి వైపు చూస్తోంది, తప్పు చేసిన పిల్ల బడి గోడ వైపు చూసినట్టు. ఇన్ని వారాలుగా ఒకే మొక్క ముందు ఇద్దరం కాపలా కాశాం. ఒకరు మంచినీళ్ళతో, ఒకరు ఉప్పుతో. ఒకరికొకరం చెప్పుకోకుండా.

"ముల్లు చూడటం నేనూ మానేశాను," అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "చూసి ఉంటే నెల కిందటే తెలిసేది."

"అయితే సగం సగం," అంది అత్తయ్య, వెళ్ళి చెంబు తెచ్చింది.

*

రోజూ రెండు చెంబులు తీశాం, రెండు చెంబులు పోశాం. ఆమె తీసేది, నేను పోసేదాన్ని. గురువారం నలభై ఏడు. శనివారం నలభై ఐదు. వంకర పోయింది. పెద్దమ్మాయి మొగ్గ కొస ఎండి అలాగే ఉంది, కిందిభాగం మాత్రం ఇంకా పచ్చగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది, ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు. "విచ్చుకున్నాయని చెప్పేద్దామా? అక్కణ్ణుంచి వాడేం చూస్తాడు?"

ఒప్పుకుంటున్నాను, నాకూ ఆ ఆలోచన వచ్చింది. పొద్దుటి నుంచీ ఆ మొగ్గని ఎన్ని వైపుల నుంచి చూశానో! ఒక వైపు నుంచి, దీపం కాస్త వంచితే, కొస చీలినట్టే కనపడుతుంది. కళ్ళు చికిలిస్తే రెండాకులు కూడా. కానీ ఆరేళ్ళుగా నా ఉద్యోగమే అది. లేని శబ్దానికి లేచే చేతుల్ని చూసి, కాయితం మీద సున్నా వెయ్యడం.

"వద్దత్తయ్యా," అన్నాను. "వచ్చి ఆకుల బదులు ఎండు కర్రని చూస్తారు."

ఫోను మోగింది. స్పీకరు పెట్టాను. అటు గాలి హోరు, ఇంజను చప్పుడు.

"చెప్పు," అన్నాడతను. "పెద్దమ్మాయి ఏమంది?"

"ఆకులు రాలేదు."

రెండు క్షణాలు.

"ఓహో," అన్నాడు. "సరే. అయితే మరి..."

"అయినా నువ్వు రా."

నా నోట్లోంచి వచ్చాకే నాకు వినపడింది. హాల్లో, అత్తయ్య ముందు, స్పీకరులో. ఆపలేకపోయాను. "ఆకులు ఎప్పుడొస్తాయో నాకు తెలియదు. ముప్పై ఐదు ముప్పై ఐదు అని అబద్ధం చెప్పాను, నేను చూడనే లేదు. వంకర చచ్చిపోయింది. కూర బాగా కుదిరేది నా వల్ల కాదు, అత్తయ్య వల్ల. సబ్బు ఒకటి దాచి పెట్టుకున్నాను. నాకు నువ్వు కావాలి. రా."

ఒకటి. రెండు. మూడు. నాలుగు. మా గాజు గదిలో కూర్చున్నవాళ్ళ సంగతి నాకు ఆ రోజు తెలిసింది. శబ్దం లేని చోట ఎంత చప్పుడుంటుందో. నా గుండె, మోటారు గురగుర, అత్తయ్య ఊపిరి.

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకనలేదు?" అన్నాడతను. "ప్రతి ఆదివారం వేళ్ళ సంగతి చెప్తావు, ఇసుక సంగతి చెప్తావు, నవ్వుతావు. నేను లేకపోయినా నీకు హాయిగానే ఉందేమో అనుకున్నా. ఆకుల మాట ఎత్తితే అయినా రమ్మంటావేమోనని చూశా."

"నువ్వైనా వస్తానని అనొచ్చుగా!"

"అన్నానుగా, మడ చెట్టు భాషలో!"

అత్తయ్య ఫోను తన కుడి చెవి వైపుకి లాక్కుంది. "నన్ను ఎవరూ అడగరేంట్రా?"

"నువ్వేమంటావమ్మా?"

"రా," అంది. అంతే.

అటునుంచి ముక్కు చీదిన చప్పుడు. తర్వాత అతుకులాయన పనిమాటల గొంతు. "రెండు నెలలు కుదరదని ఇప్పుడే చెప్తా. ఇక్కడ ఈ ఒక్క అతుకూ వేసి దిగిపోతా, సగంలో వదిలి రాలేను. ఇరవై మూడు రోజులు. పడతారా?"

పడతామన్నాం.

*

మూడు నెలలు గడిపినదాన్ని, ఇరవై మూడు రోజులు ఓ లెక్కా అనుకున్నాను. అవే పొడుగ్గా ఉన్నాయి. అంతకుముందు ఎప్పుడు వస్తాడో ఎదురుచూడటానికి మొగ్గ ఉండేది, దాని మీద పెట్టి మర్చిపోయేదాన్ని. ఇప్పుడు నేరుగా అతని కోసమే చూడాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, దిగేవాళ్ళ వీపులన్నీ అతని వీపులా ఉండేవి. ఒకరోజు పరీక్షకి వచ్చిన పెద్దాయన అన్నాడు, "ఏమ్మా, కూత పెట్టడం మర్చిపోయావు, పది నిమిషాలుగా చెయ్యెత్తే పని లేదు నాకు."

ఇంట్లో మర్యాద కాస్త తగ్గింది. "అమ్మాయ్, ఉప్పు చాల్లేదు," అని అత్తయ్య ఇప్పుడు మొహం మీదే అనేస్తోంది. "దుప్పటి మడత ఇలా కాదత్తయ్యా," అని నేనూ అనేస్తున్నాను. ఒక్కోసారి పాత పద్ధతే బాగుందేమో అనిపిస్తుంది. అది వేరే సంగతి.

తొట్టి ముల్లు రోజుకో గీత దిగుతూ ముప్పై ఐదుకి వచ్చి ఆగింది. పదహారో రోజు పొద్దున, గడియారంలోని ఐదు నిమిషాల్లో, పెద్దమ్మాయి మొగ్గ మీది ఎండిన తొడుగు ఊడి నీళ్ళలో తేలుతూ కనపడింది. పైన రెండాకులు. చిటికెన వేలంత లేవు. ఒకదాని కొస కాలినట్టు నల్లగా ఉంది, ఉప్పు గుర్తు. ఇంకా తడి ఆరనట్టు మెరుస్తూ, అప్పుడే ఒకదాన్నొకటి వదిలి, ఇప్పుడేం చెయ్యాలో తెలియనట్టు నిలబడి ఉన్నాయి.

"అత్తయ్యా!"

ఆమె చేతిలో గరిటతోనే వచ్చింది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని చూశాం. ఆ రోజూ బస్సు పోయింది.

"ఆదివారం చెప్తావా?" అంది.

"చెప్పను. వచ్చి చూడాలి."

"అదీ." ఈసారి దాచింది ఇద్దరం కలిసి.

ఇరవై మూడో రోజు మూడు దాటాక వస్తానన్నాడు. నేను రెండింటి నుంచీ తయారై కూర్చున్నాను. తొట్టికి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. తన మంచి చెవి వీధి వైపు ఉండేలా అత్తయ్య అటు కూర్చుంది. గడియారం మూడు చూపించింది, అంటే ఇంకా ఐదు నిమిషాలుంది.

నేను చెయ్యెత్తాను.

"ఏం వినపడింది?" అంది అత్తయ్య.

"గేటు."

"నాకేం వినపడలేదే. మీ డాక్టరుగారు నీలాంటివాళ్ళని ఏమంటారన్నావు?"

"ఆశపోతులు."

"ఆఁ."

కిటికీలోంచి చూశాను. గేటు కదలలేదు. కాసేపటికి మళ్ళీ చెయ్యెత్తాను. అది పక్కింటివాళ్ళ సైకిలు. అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే తలుపు వైపు చూసింది. తొట్టిలో నీళ్ళు గీత కన్నా కాస్త దిగినట్టు అనిపించి లేచి గ్లాసు మంచినీళ్ళు తెచ్చాను. పోస్తుంటే పెద్దమ్మాయి ఆకులు రెండూ సన్నగా ఊగాయి.

కిర్రుమంది. ఆగింది. మళ్ళీ చిన్నగా కిర్రుమంది.

ఈసారి అత్తయ్య చెయ్యి కూడా లేచి ఉంది.